కళాశాల గడపలో ఇంటిలెక్క
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కన్నడసీమలో డెబ్బై ఐదేండ్ల పాటు తెలుగు అక్షరదీపాన్ని ఆరనీయకుండా కాపాడిన పాఠశాలకు ప్లాటినం జూబిలీ జరుగుతున్నదంటే అది ఎందరో త్యాగధనుల ఫలం. ఇటువంటి సభలలో గడచిన కాలాన్ని స్మరించుకోవడం ఆచారం, ధర్మం కూడా. అయితే పాఠశాల విలువను నిర్ణయించేది తన ప్రాంగణంలో గడచిన సంవత్సరాలే కావు. అక్కడినుండి బయలుదేరిన బిడ్డ తరువాతి మెట్టుమీద ఎలా నిలబడగలిగాడన్నది కూడా ఆ విలువలో భాగమే. ఆ తరువాతి మెట్టు కళాశాల. ఆ మెట్టుమీద తెలుగు మాధ్యమ విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యే కష్టం రాత్రి ఇంటిదగ్గర ఒంటరిగా కూర్చుని చేయవలసిన లెక్క. దానిని అసైన్‌మెంటు అన్నా, హోంవర్కు అన్నా, ప్రాబ్లం అన్నా సంగతి ఒకటే. ఈ ప్రసంగానికి ఆ ఇంటిలెక్కే విషయం.

చందాపుర నెలకొన్న చోటు ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యాన్ని ఇస్తున్నది. హోసూరు రహదారి మీద, ఆనేకల్ తాలూకాలో ఉన్న ఈ ఊరికి ఒకవైపు బొమ్మసంద్ర పారిశ్రామికవాడ, దానికి ఆవల ఎలక్ట్రానిక్ సిటీ. మరొకవైపు అత్తిబెలె, రాష్ట్రసరిహద్దు, దానిని దాటగానే తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించే హోసూరు. ఈ పాఠశాల తలుపులు తెరిచిన నాటికి ఎలక్ట్రానిక్ సిటీ లేదు. ఆర్.కె. బాళిగ సంకల్పంతో కియోనిక్స్ సంస్థ 1978లో దానికి రూపమిచ్చింది. నేడు ఆ ప్రాంతంలో యంత్రం నడిపేవారు, ప్రోగ్రాము వ్రాసేవారు, పద్దులు చూసేవారు వేల సంఖ్యలో పనిచేస్తున్నారు. అంటే విజ్ఞానశాస్త్రం, కంప్యూటరు శాస్త్రం, వాణిజ్యశాస్త్రం అనే మూడు చదువులకూ పని చూపగల చోట ఈ ఊరు ఉన్నది. 2025 ఆగస్టులో మెట్రో రైలు బొమ్మసంద్ర వరకు వచ్చిన తరువాత నగరంలోని కళాశాలలు మరింత చేరువైనాయి. దారి దగ్గరైంది. చదువు దగ్గరైనదా అన్నదే ప్రశ్న.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించవలెనని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన ఈ అధికరణం ప్రాథమిక దశ దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన పి.యు.సి.లోనో, బి.ఎస్‌సి., బి.సి.ఎ., బి.కాం. తరగతులలోనో అడుగుపెట్టిన బిడ్డకు పాఠమూ ప్రశ్నపత్రమూ ఎక్కువగా ఆంగ్లంలోనే ఎదురవుతాయి. పదవ తరగతి వరకు లెక్కలలో ముందుండిన పిల్లవాడు కళాశాలలో మొదటి ఆరు నెలలలోనే తనకు లెక్కలు రావన్న నిశ్చయానికి రావడం తెలుగు ఇళ్లలో తరచు కనిపించే విషాదం. నిజానికి అతనికి రానిది లెక్క కాదు, ప్రశ్న. ఈ రెండింటికీ గల తేడాను అతనికి ఎవరూ విడమరచి చెప్పరు. అందుచేత పక్కవాని నోటుపుస్తకం చూసి వ్రాస్తాడు. లేదా గైడు కొంటాడు. ఇప్పుడైతే చేతిలోని ఫోనును అడుగుతాడు. జవాబు దొరుకుతుంది. విద్యార్థి మాత్రం నిన్న ఉన్నచోటనే ఉండిపోతాడు.

ప్రశ్నలోని ఆంగ్లం ఎలా అడ్డుపడుతుందో రెండు మూడు ఉదాహరణలతో చూడవచ్చు. భౌతికశాస్త్రంలో 'వర్క్' అన్న మాటకు తెలుగులో 'పని' అనే అంటారు. కాని తలమీద బరువుతో చదునైన నేలమీద సమవేగంతో నడిచే కూలీ ఆ బరువును ఎత్తిపట్టిన బలంతో చేసిన పని శాస్త్రరీత్యా సున్న. ఇంటిలో వాడే 'పని'ని లెక్కలోకి తెచ్చుకున్న పిల్లవాడు ఇక్కడ తప్పక పొరబడతాడు. వాణిజ్యశాస్త్రంలో 'అవుట్‌స్టాండింగ్ జీతాలు' అన్న మాట వస్తుంది. ఆ మాటకు 'మిక్కిలి గొప్ప' అన్న అర్థమొక్కటే తెలిసినవానికి అది విచిత్రంగా తోస్తుంది. చెల్లించవలసి ఉండి ఇంకా చెల్లించని జీతాలు అని ఒక్కసారి తెలుగులో చెప్పుకొంటే, అవి అప్పుల వైపు ఎందుకు చేరుతాయో ఎవరూ చెప్పనక్కరలేదు. 'ఎట్ మోస్ట్', 'ఎట్ లీస్ట్' అన్న చిన్న మాటలను తారుమారు చేసుకోవడం వల్ల కంప్యూటరు లెక్కలూ, సంభావ్యత లెక్కలూ తలకిందులవుతాయి. మొదటిది 'మించకుండా', రెండవది 'తగ్గకుండా' అని పుస్తకం అంచున పెన్సిలుతో వ్రాసుకొంటే చాలు.

ఈ పని తెలుగువారికి కొత్తదేమీ కాదు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో, కన్నడసీమలో మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రచించాడు. పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. శాస్త్రం పరభాషలో ఉన్నంత మాత్రాన భయపడక, దానిని తన మాటలలో చెప్పుకొని సొంతం చేసుకోవచ్చునన్న పాఠం అందులో ఉన్నది. ఆధునిక కాలంలో 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల స్థాయి పుస్తకాలను తెలుగులో ప్రచురించి అదే బాటను విశాలం చేసింది. లెడ్జరును ఆవర్జా అని, జర్నలును చిట్టా అని, డిప్రిసియేషనును తరుగుదల అని చెప్పగల భాషకు బి.కాం. లెక్కను వివరించే శక్తి లేదనడం తగదు.

ఇక మూడు శాస్త్రాలనుండి మూడు ఇంటిలెక్కలను పరిశీలించడం సముచితం.

మొదటిది భౌతికశాస్త్రం. హోసూరు రహదారి మీద ఒక లారీ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. బ్రేకు వేయగానే చక్రాలు బిగుసుకొని లారీ జారసాగింది. రోడ్డుకు, టైర్లకు మధ్య ఘర్షణ గుణకం 0.5. గురుత్వ త్వరణం 10 అనుకొంటే లారీ ఎంత దూరంలో ఆగుతుంది? చాలామంది విద్యార్థులు మొదట లారీ బరువు ఇవ్వలేదని ఆగిపోతారు. కొందరు 54ను అట్లాగే సూత్రంలో వేసి 291.6 మీటర్లని తేలుస్తారు. గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. ఘర్షణ వల్ల కలిగే రుణత్వరణం 5. 15ను వర్గం చేస్తే 225. దానిని 10తో భాగిస్తే 22.5 మీటర్లు. బరువు ఎందుకు అక్కరలేదంటే, బరువు పెరిగినకొద్దీ లారీని ఆపడమూ అంత కష్టమవుతుంది, దానిని ఆపే ఘర్షణా అంత పెరుగుతుంది. రెండూ ఒకదానికొకటి చెల్లిపోతాయి. లెక్క ఇక్కడితో ముగియలేదు. వేగం రెట్టింపై 108 అయితే దూరం 90 మీటర్లు, అంటే నాలుగింతలు. డ్రైవరు బ్రేకు తొక్కడానికి ఒక సెకను ఆలస్యమైతే మొదటి లెక్కకే మరో 15 మీటర్లు కలుస్తాయి. ఈ రెండు వాక్యాలను తానుగా చెప్పగలిగిన విద్యార్థికి సూత్రం కంఠస్థం చేయవలసిన అవసరం తీరిపోతుంది. రహదారి దాటేటప్పుడు కూడా ఆ లెక్క అతని వెంట ఉంటుంది.

రెండవది కంప్యూటరు శాస్త్రం. అకారాదిక్రమంలో ఉన్న వేయి పేర్ల పట్టికలో ఒక పేరును వెదకవలెను. మధ్యకు తెరిచి చూసి, కావలసిన పేరు ముందుభాగంలో ఉన్నదా, వెనుకభాగంలో ఉన్నదా తేల్చుకొని, రెండవ సగాన్ని వదిలివేయాలి. మిగిలిన సగంలో మళ్లీ అదే పద్ధతి. ఇట్లా చేస్తే వేయి పేర్లలో పదిసార్లకు మించకుండా, పది లక్షల పేర్లలో ఇరవైసార్లకు మించకుండా చూస్తే చాలు. దీనిని బైనరీ సెర్చ్ అంటారు. పెద్ద హాజరుపట్టీలో పేరు వెదికే ఉపాధ్యాయుడు చేసేది సుమారుగా ఇదే. వినడానికి ఇంత తేలికగా ఉన్న ఈ లెక్క కళాశాల మొదటి సంవత్సరపు ఇంటిపని. కాని ఇది మహామహులను సైతం తడబడజేసింది. ఈ పద్ధతి 1946లోనే అచ్చులోకి వచ్చినా, ఎన్ని పేర్లున్న పట్టికకైనా సరిపోయే నిర్దుష్టమైన ప్రోగ్రాము 1962 వరకు ప్రకటితం కాలేదని డోనాల్డ్ నూత్ వ్రాశారు. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లకు ఈ లెక్క ఇచ్చి చూసిన జాన్ బెంట్లీ, నూటికి తొంభై మంది తప్పు చేసినట్లు తన గ్రంథంలో తెలిపారు. ఆ బెంట్లీ సరియైనదని నిరూపించిన ప్రోగ్రాములోనూ, జావా భాషా భాండాగారంలోనూ ఒక దోషం ఏండ్ల తరబడి దాగి ఉన్నదని 2006లో జాషువా బ్లాక్ వెల్లడించారు. పట్టిక అతి పెద్దదైనప్పుడు రెండు స్థానాల సంఖ్యలను కూడితే మొత్తం 214 కోట్లు దాటి, కంప్యూటరు ఆ సంఖ్యకు కేటాయించిన గదిలో పట్టకుండా పోతుంది. అదే ఆ దోషం.

ఈ కథ విద్యార్థిని భయపెట్టడానికి చెప్పేది కాదు. తప్పు రావడం మందబుద్ధికి గుర్తు కాదని తెలియజేయడానికి. సామాన్యంగా విద్యార్థి చేసే తప్పు ఇంకా చిన్నది. పట్టికలో రెండే పేర్లు మిగిలినప్పుడు మధ్యస్థానం లెక్కిస్తే మొదటి పేరే వస్తుంది. కావలసినది రెండవ పేరైనప్పుడు, చూసివేసిన మొదటి పేరును వదలకపోతే, మళ్లీ అదే చోటు వస్తుంది. కంప్యూటరు గానుగెద్దులా అక్కడే తిరుగుతుంది. దీనిని కనిపెట్టడానికి కంప్యూటరు కూడా అక్కరలేదు. పేరు లేని పట్టిక, ఒక్క పేరున్న పట్టిక, రెండు పేర్లున్న పట్టిక అని మూడింటిని కాగితం మీద వ్రాసి, వ్రేలితో నడిపించి చూస్తే తప్పు తానే బయటపడుతుంది. ఆ తప్పును తన కంటితో పట్టుకొన్న విద్యార్థి దానిని జన్మలో మరువడు. సరియైన ప్రోగ్రామును నకలు చేసుకొన్నవానికి అటువంటి తప్పు ఒకటి ఉండగలదన్న సంగతే తెలియదు.

మూడవది వాణిజ్యశాస్త్రం. బొమ్మసంద్రలో ఒక చిన్న పనిశాల ఉన్నదనుకోవలెను. అద్దె, జీతాలు మొదలైన స్థిరవ్యయం నెలకు 60,000 రూపాయలు. ఒక్కొక్క వస్తువు అమ్మకపు ధర 50 రూపాయలు, దాని ముడిసరుకు తదితర ఖర్చు 30 రూపాయలు. నష్టమూ లాభమూ లేకుండా ఉండడానికి ఎన్ని వస్తువులు అమ్మాలి? ఒక్కో వస్తువు మీద మిగిలేది 20 రూపాయలు కనుక జవాబు 3,000. సాధారణ విద్యార్థి ఇక్కడ గీత గీసి ముగిస్తాడు. కాని యజమానికి కావలసినది దాని తరువాతి ప్రశ్న. పోటీ వల్ల ధరను 5 రూపాయలు తగ్గించవలసి వస్తే? ధర తగ్గింది నూటికి పది వంతులే. మిగులు మాత్రం 20 నుండి 15కు పడిపోయింది. ఇప్పుడు 4,000 వస్తువులు అమ్మితే తప్ప ఖర్చులు గడవవు. పదివంతుల తగ్గింపుకు మూడోవంతు అదనపు అమ్మకం కావలసి వచ్చింది. చిన్న వ్యాపారాలు ఎందుకు మూతపడతాయో ఈ నాలుగు పంక్తుల లెక్కలో కొంతవరకు కనిపిస్తుంది.

'ఇలా అయితే ఏమవుతుంది' అన్న ఈ ప్రశ్న ఎంత శక్తిమంతమైనదో చెప్పడానికి ఒక నిదర్శనం ఉన్నది. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూలులో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి, ఆచార్యుడు నల్లబల్లమీద గళ్లుగళ్లుగా వ్రాసిన ఆర్థిక పట్టికను చూస్తున్నాడు. ఒక అంకె మారితే దాని మీద ఆధారపడిన అంకెలన్నీ తుడిచి తిరిగి వ్రాయవలసి వస్తున్నది. ఒక గడి మారగానే మిగతావి వాటంతట అవే మారే పలక ఉంటే ఎంత బాగుండునని అతనికి తోచింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి అతడు రూపొందించిన విసికాల్క్ 1979లో వెలువడింది. నేడు ప్రతి కార్యాలయంలోనూ తెరిచి ఉండే స్ప్రెడ్‌షీటుకు పూర్వరూపం అదే. వాణిజ్య తరగతిలోని విసుగు పుట్టించే లెక్కను తానే చేస్తూ, ఆ విసుగు ఎక్కడ పుడుతున్నదో గమనించినవానికి ఆ ఆలోచన వచ్చింది.

దూరదేశపు మాట అలా ఉండగా, కన్నడసీమలోనే ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన మహనీయుని తలచుకోవడం ఈ సభకు శోభనిస్తుంది. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హడగలిలో జన్మించి, ఆంధ్రదేశంలో పెరిగి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. చిన్ననాట తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినం తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, చదువుకొనేందుకు నూనెదీపం వెలిగించేవారని ఆయన కృతజ్ఞతతో వ్రాసుకొన్నారు. ఆ తల్లి కుమారునికి లెక్క చేసిపెట్టలేదు. దీపం వెలిగించి, నిశ్శబ్దాన్ని ఇచ్చి, లెక్కను అతనికే వదిలివేశారు.

1944లో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, నమూనాల సంఖ్య చాలా పెద్దదైనప్పుడు అంచనాల కచ్చితత్వానికి గల హద్దును వివరిస్తున్నారు. అప్పుడు వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనాలు కొద్దిగా ఉన్నప్పుడు కూడా ఇటువంటి ఫలితమేదైనా ఉన్నదా అని అడిగాడు. రావుగారు ఆ ప్రశ్నను ఇంటికి తీసుకొని వెళ్లి, రాత్రి కూర్చుని సాధించి, మరునాడు తరగతిలో ఫలితం చెప్పారు. 1945లో అది ప్రచురితమైంది. పక్షపాతం లేని అంచనా ఎంత నేర్పుతో చేసినా, ఒక హద్దును మించి కచ్చితం కాజాలదన్న ఆ సూత్రం నేడు ప్రపంచమంతటా క్రామర్-రావు అసమానత అన్న పేరుతో పాఠ్యాంశమై ఉన్నది. ఆ నాటికి రావుగారికి పాతికేళ్లు నిండలేదు. 2023లో, నూట రెండేళ్ల వయస్సులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టు 22న ఆయన పరమపదించారు. విద్యార్థి అడిగిన ప్రశ్న గురువుకు ఇంటిలెక్క అయింది. ఆ ఇంటిలెక్క శాస్త్రానికి ఆస్తి అయింది. ప్రశ్న అడిగిన దండేకర్ కూడా తరువాత పేరెన్నికగన్న ఆర్థికశాస్త్రవేత్త అయినారు.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ ఒక్కటే సూత్రం గోచరిస్తున్నది. ఇంటిలెక్క ఇవ్వడంలో గురువు కోరేది జవాబు కాదు. 22.5 మీటర్లన్న సంగతి ఆయనకు ముందే తెలుసు. విద్యార్థి ఏ దారిన ఆలోచించాడు, ఎక్కడ కాలు జారాడు అన్నదే ఆయనకు తెలియనిది. జవాబును అరువు తెచ్చుకొన్న విద్యార్థి ఆ సమాచారాన్ని గురువుకు దక్కకుండా చేస్తాడు. రోగం దాచి మందు అడిగినట్లు అవుతుంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత కృత్రిమ మేధ సామాన్య విద్యార్థి చేతికి అందింది. ఎటువంటి ప్రశ్నకైనా అది క్షణంలో పుటలకొద్దీ సమాధానం వ్రాస్తుంది. ఒక్కొక్కప్పుడు తప్పును కూడా ఒప్పువలెనే ధీమాగా చెబుతుంది. ఆ తప్పును పట్టుకోగలవాడు ముందు సొంతంగా లెక్క చేసినవాడే. దానిని నిషేధించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. పెన్ను పట్టక ముందే జవాబు అడగడం వేరు, తాను చేసిన నాలుగు మెట్లూ చూపి ఏ మెట్టులో తప్పున్నదో అడగడం వేరు. మొదటిది ఊతకర్రకు అలవాటు పడడం, రెండవది నడక నేర్చుకోవడం. ఆంగ్లంలోని ప్రశ్నను తెలుగులో వివరించుమని అడగడం కూడా మేలైన ఉపయోగమే. ఆ వివరణను పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవడం మాత్రం మరువరాదు.

ఈ విషయంలో పెద్దలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు తమకు ఆంగ్లం రాదని, కళాశాల చదువు తెలియదని వెనుకాడనక్కరలేదు. 'ఈ రోజు లెక్కలో ఏమి అడిగారు?' అని తెలుగులో అడిగి, అర్థమయ్యేదాకా చెప్పించుకొంటే చాలు. తల్లికి తెలిసేటట్లు ప్రశ్నను చెప్పగలిగిన బిడ్డ సగం లెక్క చేసినట్లే. చెప్పలేకపోతే ఇంకా అర్థం కాలేదని బిడ్డకే తెలుస్తుంది. లెక్క తప్పిందని కోపగించుకోవడం వల్ల మాత్రం పిల్లలు తప్పును దాచడం నేర్చుకొంటారు.

ఉపాధ్యాయులు తొమ్మిది, పది తరగతులలోనే కళాశాలలో రాబోయే ఆంగ్ల పారిభాషిక పదాలను తెలుగు పదాల పక్కన చెబుతూ రావచ్చు. తెలుగులో అర్థం, ఆంగ్లంలో పేరు రెండూ ఒకేసారి అలవడితే మాధ్యమం మారిననాడు బిడ్డ తడబడడు. సరియైన జవాబుకే కాక, నిజాయితీగా చేసిన తప్పు మెట్టుకు కూడా ఒకటో రెండో మార్కులు కేటాయించడం పిల్లలకు ధైర్యమిస్తుంది.

పూర్వవిద్యార్థులు చేయగలిగినది అన్నిటికంటె మిన్న. యంత్రశాలలో, కంప్యూటరు సంస్థలో, బ్యాంకులో, పద్దుల కార్యాలయంలో పనిచేస్తున్నవారు ఆదివారం ఒక గంట ఈ పాఠశాల గదిలో కూర్చుంటే, కళాశాలలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటిలెక్కలు పట్టుకొని వస్తారు. అక్కడ ఒక్క నియమం పాటిస్తే చాలు. జవాబు చెప్పకూడదు, ప్రశ్నను తెలుగులో చెప్పించి, మొదటి మెట్టు వేయించాలి. దీనికి భవనం కట్టనక్కరలేదు, చందా వసూలు చేయనక్కరలేదు. ఒక నల్లబల్ల, సుద్దముక్క, ఓర్పు ఉంటే సరిపోతుంది. ఒకప్పుడు తాము కూడా ఆంగ్ల ప్రశ్న ముందు బిక్కమొగం వేసి కూర్చున్నామని అన్నయ్యో అక్కయ్యో చెప్పే మాట, కొత్తగా కళాశాలలో చేరిన బిడ్డకు ఏ గైడూ ఇవ్వలేని ధైర్యాన్ని ఇస్తుంది.

పదవ తరగతితో పాఠశాల బాధ్యత తీరిపోయిందని ఎవరూ తప్పుపట్టరు. కాని గడప దాటిన బిడ్డ మొదటి అడుగులో తూలిపోకుండా మరొక ఏడాది చేయి అందించగలిగితే, ఇంతకాలం చేసిన సేవకు సార్థకత చేకూరుతుంది. ఈ జూబిలీ సంవత్సరంలోనే అటువంటి ఆదివారపు గంట మొదలు కావలెనని, ఇక్కడినుండి వెళ్లే ప్రతి విద్యార్థీ తన లెక్కను తానే చేసి, తన తప్పును తానే దిద్దుకొని, తన మాటలలో వివరించగలవాడు కావలెనని ఆకాంక్షిస్తూ ఈ ప్రసంగం ఇంతటితో ముగుస్తున్నది. పాఠశాల శతవసంతాల దిశగా సాగుగాక. సర్వులకూ శుభమస్తు.